శుక్రవారం కలిసిన గీతలు

మా బాబాయ్ వీధిలో నడిస్తే సరిగ్గా నడుమ నడిచేవాడు. వెనక నుంచి వచ్చే బండ్లవాళ్ళు హారన్ కొట్టి, తిట్టి, చివరికి వాళ్ళే పక్కకి తప్పుకుని పోయేవాళ్ళు. "రోడ్డు మీ తాతగారిదా?" అని ఎవరైనా అరిస్తే, "కాదు బాబూ! కానీ దీని నడుమ ఎక్కడుందో నీకంటే నాకు బాగా తెలుసు" అనేవాడు. గొప్పకి అన్న మాట కాదది. ఇరవై రెండేళ్ళ పాటు ఆయన ఉద్యోగమే అది. పటాల ఆఫీసులో ఎత్తుబల్ల ముందు నిలబడి, పలచటి కాయితం మీద రోడ్లకి నడిమి గీతలు గీసేవాడు. రోడ్డు పొడవు కొలవాలన్నా, వంపు ఎంతో లెక్కకట్టాలన్నా ఆ గీత మీదే చెయ్యాలట. చిన్నప్పుడు రాయి తగిలి ఆయన ఎడమకన్ను మసకబారింది. ఆ కన్ను మూసేసి, ఒక్క కుడికన్నుతో గీసేవాడు. "రెండు కళ్ళుంటే రెండు అభిప్రాయాలుంటాయమ్మాయ్, గీతకి ఒక్కటి చాలు" అని నవ్వేవాడు.

నేను ఆయన అన్నకూతుర్ని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయాడు. అమ్మ అంతకుముందే లేదు. బాబాయ్, పిన్ని వచ్చి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. పిల్లల్లేనివాళ్ళు కదా, జాలిపడి తెచ్చుకున్నారని చుట్టాలు అన్నారు. వాళ్ళ మొహం! వచ్చిన రోజు సాయంత్రమే పిన్ని నా తల చూసి, "ఇన్ని పేలేమిటే, వాటికేమైనా సత్రం కట్టించావా?" అని ఇల్లెగిరిపోయేలా తిట్టింది. జాలిపడేవాళ్ళు అలా తిట్టరు. ఆ తిట్లతోనే నేను ఆ ఇంటి పిల్లనయ్యాను.

పటాల పని కంప్యూటర్లకి పోయాక ఆఫీసులో బాబాయ్ బల్ల తీసేశారు. ఆయనకి అప్పుడు నలభై ఆరు. ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం తప్పు. గోడల మీద ఫొటోలన్నీ నడుమకి లేవని మేకులు పీకి మళ్ళీ కొట్టాడు. రొట్టెముక్కల్ని స్కేలు పెట్టి సగానికి కోశాడు. పిన్నికి ఓపిక నశించింది. "ఎక్కడికైనా వెళ్ళి ఏదైనా గీసుకోండి, నా గోడల్ని వదిలిపెట్టండి" అంది. అప్పుడే పెద్దాసుపత్రి కొలతల గదికి చెయ్యి వణకని మనిషి కావాలన్నారు.

అక్కడ గీయాల్సింది రక్తనాళాలకి. రోగిని స్కాన్ మిషన్లో పడుకోబెట్టి, చేతి నరంలోకి మందు ఎక్కిస్తారు. ఆ మందు కలిసిన రక్తం బొమ్మలో తెల్లగా కనబడుతుంది. మిషన్ ఒంటిని అడ్డంగా, రొట్టె కోసినట్టు, వందల ముక్కలుగా బొమ్మలు తీస్తుంది. ఒక్కో బొమ్మలో నాళం ఒక తెల్లటి చుక్క. ఆ చుక్కకి నడుమ ఒక గుర్తు పెట్టాలి. కింది బొమ్మలో మళ్ళీ పెట్టాలి. దాని కింద మళ్ళీ. ఆ గుర్తులన్నీ కలిపితే నడుము దగ్గర్నుంచి మడమ దాకా నాళం లోపల పోయే నడిమి గీత వస్తుంది. నాళం ఎక్కడ సన్నబడింది, ఎంత సన్నబడింది, లోపల పెట్టే గొట్టం ఎంత పొడవుండాలి, అన్నీ డాక్టర్లు ఆ గీత మీదే కొలుస్తారు. గీత పక్కకి జరిగితే కొలత తప్పుతుంది. కొలత తప్పితే గొట్టం తప్పుతుంది. ఆ తర్వాతది చెప్పక్కర్లేదు.

"ఇదీ రోడ్డేగా, మున్సిపాలిటీ లేదంతే" అన్నాడట బాబాయ్ మొదటిరోజున.

నా చదువు అయ్యాక నన్నూ అక్కడే చేర్పించాడు. నా మొదటి గీత ఇప్పటికీ గుర్తుంది. మోకాలి వెనక నాళం మెలిక తిరిగిన చోట నాకు ఓపిక చాలక, ఈ కొస నుంచి ఆ కొసకి అడ్డంగా లాగేశాను. బాబాయ్ చూసి, "రక్తం గోడలు దూకి పోదమ్మాయ్, అది దొంగ కాదు" అన్నాడు. నాళం గోడకి సున్నం పేరుకున్న చోట బొమ్మలో తెలుపు ఎక్కువై కన్ను మోసపోతుందని, అక్కడ తొందరపడొద్దని నేర్పాడు. "ముందు అంచులు వెతుకు. రెండంచులూ దొరికితే నడుమ ఎక్కడికీ పోదు" అని రోజుకి పదిసార్లు అనేవాడు. పదకొండోసారి నేను విసుక్కునేదాన్ని.

అలా పదేళ్ళు గడిచాక, ఈ పని మిషన్‌కే నేర్పాలని పెద్ద డాక్టరమ్మ పూనుకుంది. కాళ్ళ నాళాలకి ఆపరేషన్లు చేసేది ఆవిడే. దానికోసం ప్రోగ్రాములు రాసే ఒక అమ్మాయిని తీసుకొచ్చింది. మిషన్‌కి చదువు చెబుతోంది కాబట్టి బాబాయ్ ఆ అమ్మాయికి పంతులమ్మ అని పేరు పెట్టాడు. ఆసుపత్రంతా అదే ఖాయమైపోయింది. చదువు చెప్పాలంటే పాఠం ఉండాలి కదా. మూడువందల మంది రోగుల స్కాన్లు పక్కకి తీశారు. ఒక్కో స్కాన్‌నీ నేను ఒకసారి, బాబాయ్ ఒకసారి విడివిడిగా గీయాలి. ఇద్దరి గీతలకీ మధ్యలో వచ్చేదాన్నే మిషన్‌కి ఇదే నిజమని నేర్పుతారు.

అందుకని ఒకరి గీత ఒకరు చూడకూడదు. చూస్తే ఇంక రెండో చెయ్యి ఎందుకు? మా ఇద్దరి కుర్చీల మధ్య చెక్కగోడ పెట్టించారు. భోజనాల దగ్గర రోగుల మాట ఎత్తకూడదన్నారు. గీతలు మాత్రం ఒకే కంప్యూటర్లో, పక్కపక్క ఫోల్డర్లలో ఉండేవి. వాటికి తాళం పెట్టమంటారా అని పంతులమ్మ అడిగితే, "వీళ్ళిద్దరికీ తాళమా?" అంది డాక్టరమ్మ. ఆ మాటకి బాబాయ్ వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పంతులమ్మ ఆ వారం గీతల్ని కలిపేది. నావి నీలం, ఆయనవి ఎరుపు. రెండింటికీ సగటున ఎంత ఎడం ఉందో కాయితం మీద వచ్చేది. దాన్ని నా బల్ల మీద పెట్టేది. గోడ అవతల నుంచి బాబాయ్ "ఎంత?" అనేవాడు. "నాలుగు" అనేదాన్ని. అంటే మిల్లీమీటరుని పది భాగాలు చేస్తే అందులో నాలుగు. అయిదు దాటనంతవరకూ ఇద్దరి చేతులూ మంచివేనని లెక్క. కాయితం ఇవ్వబోతే పుచ్చుకునేవాడు కాదు. "నువ్వు చూశావు కదా, చాలు" అని లేచి, కింద కొట్టుకెళ్ళి బిస్కెట్ ప్యాకెట్ తెచ్చేవాడు.

ఆ మూడువందల మందీ ఆయనకి పిచ్చిలా పట్టుకున్నారు. "రోడ్లు తవ్వి మళ్ళీ వేస్తారు. పటాలు మారుస్తారు. నేను గీసినవన్నీ ఎప్పుడో చింపేసి ఉంటారు. ఇది మాత్రం ఉంటుందమ్మాయ్. రేపు మిషన్ ఎవరి కాలికి గీసినా అందులో మన చెయ్యి ఉంటుంది" అనేవాడు. అరవై రెండో ఏట ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఆలోగా మూడువందలూ పూర్తి కావాలి. ఇంక వేరే కోరిక లేదాయనకి.

నూట ఎనభై దాటాక మా గీతలు దూరం జరగడం మొదలుపెట్టాయి. ఒక శుక్రవారం ఆరు వచ్చింది. తర్వాత ఏడు. తర్వాత తొమ్మిది. తొమ్మిది వచ్చిన రోజు డాక్టరమ్మ గదిలోకి వచ్చి, వచ్చేవారమూ ఇలాగే ఉంటే ఇద్దరికీ గొట్టం పరీక్ష పెట్టాలంది. ఆ పరీక్షలో నడుమ ఎక్కడుందో ముందే తెలిసిన ప్లాస్టిక్ గొట్టాన్ని స్కాన్ తీసి గీయమంటారు. ఎవరి చెయ్యి తప్పుతోందో తేలిపోతుంది. నా చెయ్యే జారుతోందని నాకు బెంగ పట్టుకుంది.

ఉద్యోగంలో చేరాక నేను ఆసుపత్రి దగ్గర వేరే ఇంట్లో ఉంటున్నాను. ఆ ఆదివారం భోజనానికి బాబాయ్ వాళ్ళింటికి వెళ్తే అక్కడ వడ్రంగి ఉన్నాడు. గుమ్మం వంగిపోయిందని బాబాయ్ పిలిపించాడట. వడ్రంగి మట్టం పెట్టి చూశాడు. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాడు.

"వంకేం లేదండీ. సూటిగానే ఉంది."

"నడుమ పొట్టలా ఉబ్బింది, కనబడటం లేదా నీకు?"

"నలభై ఏళ్ళుగా గుమ్మాలు చేస్తున్నానండీ."

"నేను మాత్రం నలభై ఏళ్ళుగా గాడిదలు కాస్తున్నానా?"

వంటింట్లోంచి పిన్ని గొంతు వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. ముందా కళ్ళద్దాలు తుడుచుకోండి."

వడ్రంగి నవ్వాడు. నేనూ నవ్వాను. బాబాయ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత భోజనం దగ్గర నేను ఆయన్నే గమనించాను. మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా మొహం కాకుండా నా చెవి పక్కన చూస్తున్నాడు. నీళ్ళు గ్లాసు పక్కన పోశాడు. పేపరు చదవడం మానేసి నెలైందట, "అన్నీ అబద్ధాలే, ఏం చదువుతాం" అన్నాడు. జారుతున్నది నా చెయ్యి కాదని అప్పుడు అర్థమైంది.

చేతులు కడుక్కుంటున్నప్పుడు మెల్లగా అడిగాను.

"బాబాయ్, ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"అద్దాల నెంబరు మారుంటుందిలే."

"అయినా చూపిస్తే పోయేదేముంది?"

తువాలు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. "శుక్రవారం రానీ, చూద్దాం" అన్నాడు.

శుక్రవారానికీ కంటికీ సంబంధం ఏమిటో నేను అడగలేదు. ఇవాళ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గురువారం మధ్యాహ్నం బాబాయ్ టీకి వెళ్ళినప్పుడు ఆయన ఫోల్డరు తెరిచాను. పదేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. ఎర్ర గీతలన్నీ ఎడమ అంచుకి ఒరిగి ఉన్నాయి. ఎక్కడా వణుకు లేదు, ఎక్కడా తెగలేదు. నున్నగా, శ్రద్ధగా, మొదట్నుంచి చివరిదాకా తప్పు. అలాగే వదిలేస్తే మర్నాడు పన్నెండో పదమూడో వస్తుంది. గొట్టం పరీక్ష పెడతారు. తప్పేది బాబాయే. పాఠంలోంచి ఆయన చెయ్యి తీసేస్తారు. ఏడు నెలల్లో దర్జాగా దండ వేయించుకుని వెళ్ళాల్సిన మనిషి, తల వంచుకుని వెళ్తాడు.

నేను చెయ్యాల్సింది ఒక్కటే. ఆ సాయంత్రమే ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళాసుపత్రికి లాక్కుపోవాలి. నేనేం చేశానంటే, నా నీలం గీతలు ఒక్కొక్కటే తెరిచి ఆయన గీత వైపు జరిపాను. పూర్తిగా కలిపేస్తే అనుమానం వస్తుందని నాలుగు భాగాలు ఎడం వదిలాను. దొంగకి ఉన్న తెలివి దొరకి ఉండదంటారు, నిజమే.

శుక్రవారం మూడింటికి కాయితం వచ్చింది. గోడ అవతల కుర్చీ రెండుసార్లు వెనక్కీ ముందుకీ జరిగింది. తర్వాత "ఎంత?" అన్నాడు.

"నాలుగు బాబాయ్."

హమ్మయ్య అనుకున్నాడు, పైకే. ఆ హమ్మయ్య నాకు బాగా వినబడింది. అలవాటుగా కాయితం గోడ పక్కనుంచి చాపాను. "నువ్వు చూశావు కదా, చాలు" అన్నాడు. ఆ రోజు రెండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒకటి పంతులమ్మకి.

ఆ తర్వాత ప్రతి గురువారమూ అదే పని. ఆ వారంవాళ్ళతో కలిపి మొత్తం నూట పన్నెండు మంది. ఏడు నెలలు. ప్రతి శుక్రవారం "ఎంత?" అనేవాడు, "నాలుగు" అనేదాన్ని, ఒక్కోసారి నమ్మకంగా ఉండాలని "అయిదు" వచ్చేలా చేసేదాన్ని. నా మీద నాకు అసహ్యం వేసిన రోజులున్నాయి. అంతకంటే, ఎంత మంచి కూతుర్నో అని నన్ను నేను మెచ్చుకున్న రోజులే ఎక్కువ. కళ్ళ డాక్టరు మాట మళ్ళీ రెండుసార్లు ఎత్తాను. "గీతలు కలుస్తున్నాయి కదమ్మాయ్, కంటికేమైంది" అని కొట్టిపారేశాడు. నా అబద్ధానికి నేనేం జవాబు చెప్పను?

మూడువందలూ అయ్యాయి. బాబాయ్ ఉద్యోగమూ అయింది. కొలతల గదిలో కుర్చీలు వేసి దండ వేశారు. ఆఖరి రోగి కాలి నాళాన్ని, దాని లోపల నడిమి గీతనీ పెద్దగా అచ్చు వేయించి, అద్దం కట్టించి డాక్టరమ్మ ఆయన చేతిలో పెట్టింది. ఇంటికెళ్ళగానే బాబాయ్ దాన్ని కుర్చీకి ఎదురుగా గోడకి తగిలించాడు. "మేకు నడుమకి ఉందా చూడమ్మాయ్" అన్నాడు. ఉందన్నాను. మేకు నడుమకే ఉంది.

నెలన్నర తర్వాత ఆయన పెరట్లో మెట్టు కనబడక పడ్డాడు. ఈసారి పిన్ని వినలేదు, చెయ్యి పట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. కుడికంటి వెనకపొర నడుమ నెత్తురు కారి, ఎండి, మచ్చ కట్టిందన్నాడు ఆ డాక్టరు. పక్కలు కనబడతాయట, నడుమ మాత్రం కనబడదట, ఎటు చూస్తే అక్కడే మచ్చ అడ్డం వస్తుందట. "గుమ్మాలు, కిటికీలు వంకరగా కనబడటం మొదలైనప్పుడే రావాలండీ. కంట్లోకి సూదిమందు ఇచ్చి చాలావరకు ఆపేవాళ్ళం. ఇప్పుడు చేసేదేం లేదు" అన్నాడు. పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ వడ్రంగే గుర్తొచ్చాడు.

ఆ నెలలోనే పంతులమ్మ తన మిషన్‌కి గొట్టం పరీక్ష పెట్టింది. గీత ఎడమకి ఒరిగింది, దాదాపు ఒక మిల్లీమీటరు. పంతులమ్మ మాత్రం తప్పు తనదే అనుకుంది. మూడువారాలు తన ప్రోగ్రాములో ప్రతి వరసా వెతికింది. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి కూలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఎక్కడో నా లెక్కే జరిగిపోయిందక్కా. దొరకడం లేదు. వచ్చే సోమవారం దీన్ని ఆపరేషన్ గదికి పంపాలి. ఒరుగుడు ఎంతో తెలుసు కదా, చివర్లో అంత తీసేసి పంపేద్దామా అనిపిస్తోంది. అసలు నాకీ పని రాదేమో."

తప్పు చేసినదాన్ని నేను దర్జాగా టీ తాగుతున్నాను. చెయ్యనిది ఏడుస్తోంది. కప్పు అక్కడే పెట్టేసి డాక్టరమ్మ గదికి వెళ్ళి, కుండ బద్దలుకొట్టినట్టు చెప్పేశాను.

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఎంతమంది?" అంది.

"నూట పన్నెండు మంది, మేడమ్."

"ఇది ఎవరి కాలి మీదైనా వాడి ఉంటే?"

ఆవిడ రోగుల జాబితా ముందుకి లాక్కుంది.

"మిమ్మల్ని ఇవాళే పంపించెయ్యాలి. పంపిస్తే మళ్ళీ గీసేవాళ్ళు లేరు. ఆయనవీ మీవీ ఆ నూట పన్నెండూ చెరిపెయ్యండి. మీరు కూర్చుని మొదట్నుంచి గీయండి. రెండో చేతికి స్కాన్ గదిలో పనిచేసే ఆవిణ్ణి పెడతాను. ఈసారి తాళం ఉంటుంది" అంది. లేచి వస్తుంటే, "ఆయనకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది. నేనే చెబుతానన్నాను.

సాయంత్రం వెళ్ళేసరికి బాబాయ్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు.

"సోమవారం పంతులమ్మ మిషన్ ఆపరేషన్ గదికి వెళ్తోందటగా?" మొహం వెలిగిపోతోంది.

"వెళ్ళటం లేదు బాబాయ్."

అంతా చెప్పాను. గురువారాలన్నీ చెప్పాను. పరీక్ష పెడితే నీ పరువు పోతుందని, నిన్ను పక్కన పెడతారని, అందుకే చేశానని చెప్పాను.

"ఎప్పట్నుంచి?" అన్నాడు చివరికి.

"వడ్రంగి వచ్చిన వారం నుంచి."

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"ఆ శనివారానికి కళ్ళ డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నానమ్మాయ్. మీ పిన్నికి కూడా చెప్పలేదు. నాకూ అనుమానమే. కానీ మనసు ఒప్పుకోలేదు. శుక్రవారం చూద్దాం, ఎడం ఎక్కువొస్తే కన్ను పోతోందని ఒప్పేసుకుని వెళ్దాం అనుకున్నాను. నువ్వు నాలుగు అన్నావు. టోకెన్ చింపేశాను."

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"తర్వాత కూడా అంతే. గుమ్మం వంకరగానే కనబడేది. పేపర్లో అక్షరాలు నడుమ మాయమయ్యేవి. భయమేసేది. శుక్రవారం ఎంత అని అడిగేవాణ్ణి. నువ్వు నాలుగనేదానివి. అమ్మాయి కన్ను మంచిది, దాంతో నా గీత కలిసిందంటే నా కన్నూ మంచిదే, మిగతాదంతా నా చాదస్తం అనుకునేవాణ్ణి."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానని అనుకుంటూ వెళ్ళాను. అక్కడికెళ్ళాక తెలిసింది, గొడ్డలి ఎవరి మీద పడిందో. ఆయన దగ్గరున్నది ఒక్క మంచి కన్ను. దాని పరువు కాపాడుతూ కూర్చుని దాన్నే పోగొట్టాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వెయ్యలేదు, తోసెయ్యనూ లేదు.

"పోనీ, నా ఒక్కడి కన్నయితే పోనిద్దును" అన్నాడు. "నూట పన్నెండు మంది కాళ్ళే అవి. నా చెయ్యి పెట్టి నాతో అబద్ధం గీయించావు కదే."

గుమ్మం లోపల పిన్ని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు. తిడుతుందని చూశాను. తొమ్మిదేళ్ళ పిల్లని పేలకోసం తిట్టిన మనిషి, ఇప్పుడు ఎంత తిట్టినా పడాలని చూశాను. లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"మంచినీళ్ళు తాగి వెళ్ళమ్మా" అంది, వీధిలోంచి వచ్చినవాళ్ళతో అన్నట్టు మర్యాదగా.

ఆ నూట పన్నెండు మంది గీతలూ నేనే చెరిపాను. చెరపడం చిటికెలో పని. ఎరుపు పోయేది, నీలం పోయేది, నాళం ఖాళీగా తెల్లగా మిగిలేది. మళ్ళీ గీయడానికి ఆరు నెలలు పట్టింది. గోడ అవతల కుర్చీలో స్కాన్ గది ఆవిడ కూర్చునేది. మంచి చెయ్యి ఆవిడది, మాటలు తక్కువ. శుక్రవారం మూడింటికి కాయితం వచ్చేది. గోడ అవతల నుంచి ఎవరూ ఎంత అని అడిగేవాళ్ళు కాదు. నేనే చూసుకుని, మడిచి, సొరుగులో పెట్టుకునేదాన్ని. సున్నం పేరుకున్న చోట చెయ్యి తొందరపడితే, "ముందు అంచులు వెతుకు" అని పైకే అనుకునేదాన్ని.

ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళడం మానలేదు. మొదటి ఆదివారం వెళ్ళేసరికి గోడ మీద బొమ్మ లేదు, మేకు ఉంది. బాబాయ్ నాతో మాట్లాడేవాడు. వాన గురించి, ఎదురింటి కుక్క గురించి, రేడియోలో చెప్పినవాటి గురించి. ఆసుపత్రి మాట ఎత్తేవాడు కాదు. వీధిలో ఇప్పుడు పిన్ని చెయ్యి పట్టుకుని పక్కన నడిచేవాడు. హారన్ వినబడితే ముందే ఆగిపోయేవాడు.

ఆఖరి శుక్రవారం కాయితం వచ్చాక దాన్ని సొరుగులో పెట్టలేదు. డాక్టరమ్మ దానిమీద సంతకం చేసింది. మిషన్ గొట్టం పరీక్ష కూడా నెగ్గింది, గీత నడుమకే పోయిందని పంతులమ్మ ఎగిరి గంతేసింది. నేను తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"అయిపోయింది బాబాయ్. నూట పన్నెండూ."

తల పక్కకి తిప్పాడు. నడుమ కనబడదు కాబట్టి, కంటి అంచుతో నన్ను పట్టుకోవాలని చూస్తున్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి ఆ మాట అడిగాడు.

"ఎంత?"

"నాలుగు."

కుర్చీలో ముందుకి వంగాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"కాయితం ఉందా?"

ఇచ్చాను. వేళ్ళతో తడిమి మడత విప్పాడు. "ఇదిగో, ఇలా రా" అని వంటింట్లో ఉన్న పిన్నిని పిలిచాడు. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాయితం ఆమెకిచ్చి, "చదువు" అన్నాడు. పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి జరిగి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివింది. "సున్నా. పాయింటు. నాలుగు."

"సంతకం ఉందా?"

"ఉంది."

అప్పుడు తల ఊపాడు. పిన్ని కాయితం మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నువ్వు చూశావు కదా, చాలు అంటాడేమోనని నేను ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అనలేదు.